ఎడమకి తిరిగే మూతి

అక్టోబరులో శనివారం మధ్యాహ్నం మా వీధిలో ఎవరూ ఊరికే కూర్చోరు. కొందరు కట్టెలు పేర్చుకుంటారు, కొందరు చలిగాలి రాకుండా కిటికీలకి ప్లాస్టిక్ కాగితం బిగించుకుంటారు. నేను ఆ రోజు షెడ్డు వెనక గడ్డిలో కూరుకుపోయిన మంచు యంత్రాన్ని బయటికి లాగాను. తోట ట్రాక్టరుకి ముందు తగిలించుకునే రకం అది. లోపల మెలికల రేకుల కడ్డీ గిర్రున తిరుగుతూ మంచుని మింగుతుంది, పైనున్న వంపు గొట్టంలోంచి ఇరవై అడుగుల అవతలికి చిమ్ముతుంది. ఆ గొట్టాన్ని మేం మూతి అంటాం.

నా పేరు హెల్మి. బడి బస్సుల గరాజులో ఇరవై నాలుగేళ్ళుగా మెకానిక్ పని చేస్తున్నాను. మా నాన్న విల్హో పోయిన వసంతంలో చనిపోయాడు. కూతుర్ని కాబట్టి ఇల్లు నాకొచ్చింది, ఇంటితోపాటు ఆ యంత్రమూ వచ్చింది. బతికున్నన్నాళ్ళూ నాన్న దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. గేర్ బాక్స్ పగిలిపోయింది, అది ఇనపముక్క, వదిలెయ్యండి అనేవాడు. ఇరవై ఆరేళ్ళు ఇదే పాట.

ఆ ఇరవై ఆరేళ్ళూ మా వాకిట్లో మంచుని తోపుడు పారతో తోశారు. సుపీరియర్ సరస్సు మీంచి మాకొచ్చే మంచు ఒక్క చలికాలంలో ముగ్గురు మనుషుల ఎత్తు పడుతుంది. తోసింది ఎక్కువగా మా అమ్మ. పదకొండేళ్ళ కిందట జనవరిలో పార కర్ర పట్టుకునే కూలబడింది, మళ్ళీ లేవలేదు. ఆ పార ఇప్పటికీ షెడ్డులో మేకుకి వేలాడుతోంది. 

తుప్పు వదిలే నూనె కొట్టి, మంట చూపించి, ఒక్కో బోల్టూ బుజ్జగించి గేర్ బాక్స్ విప్పాను. లోపల నూనె తేనె రంగులో ఉంది. పళ్ళు ఒక్కటీ అరగలేదు, ఒక్కటీ విరగలేదు. నిజం చెప్పాలంటే వాటికంటే నా పళ్ళే ఎక్కువ అరిగాయి. ఆ పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. తరవాత రెంచి తీసి గోడకేసి కొట్టాను. యంత్రం బాగానే ఉంది. అంతా బాగానే ఉంది. మరి మా అమ్మ ఎందుకు చచ్చిపోయినట్టు?

యంత్రంలో ఒకటే తేడా కనిపించింది. మూతి కింది వలయం చుట్టూ వెల్డింగు చేసి ఉంది. మూతి కుడికి, అంటే మా ఇంటి గోడ వైపుకి చూస్తూ ఉండిపోయింది, అంగుళం కదలదు. నాకు అదంతా నాన్న మొండితనంలాగే కనిపించింది. ఆ కోపంతోనే గ్రైండరు పెట్టి గంటన్నరసేపు ఆ అతుకుని కోసిపారేశాను. నిప్పురవ్వలు లేస్తుంటే ఒళ్ళు చల్లబడింది. పాత యంత్రాన్ని బాగుచేసేవాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది, ఎవరో మధ్యలో చేసిన అతుకులన్నీ తీసేసి మొదట్లో ఎలా ఉందో అలా చేస్తేగాని నిద్రపట్టదు. ఆ అతుకు ఎందుకు వేశారో మాత్రం అడగం.

కొత్త బేరింగులు వేశాను, ఎర్ర రంగు కొట్టాను. మూతిని తిప్పేది సీటుకి ఎడమ పక్కనున్న పిడి. దానికి పొడవాటి కడ్డీ, కడ్డీ చివర మరచుట్టు, అది మూతి కింది పళ్ళచక్రంలో కూర్చుంటుంది. పిడి తిప్పితే మూతి తిరుగుతుంది. మూతిని పట్టుకుని నలుగురు తోసినా అది తిరగదు. కాబట్టి గాలికి తిరిగింది, కుదుపుకి తిరిగింది అనడానికి ఉండదు. సీటులో ఎవరో ఒకరు కూర్చుని తిప్పాలి.

మా ఇల్లు, పక్కిల్లు, రెండూ పాత రాగి గని కంపెనీ కట్టించినవే. రెండిటికీ మధ్యలో ఒకటే బండి దారి. వీధిలోంచి పైకి వస్తుంటే కుడివైపు మాది. ఎడమవైపుది అప్పట్లో లెంపి కార్వొనెన్ అనే ఆవిడది. భర్త లేడు, పిల్లల్లేరు. చిన్నప్పుడు నాకు యాలకుల రొట్టె, పాలు ఎక్కువ పోసిన కాఫీ పెట్టేది. నాన్నకీ ఆవిడకీ మాత్రం పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. మంచు ఎవరి వైపు పడాలి అన్నదే గొడవంతా. ఇరవై ఆరేళ్ళ కిందట ఫిబ్రవరిలో లెంపి ఇంట్లోనే చచ్చిపోయింది. గోడలోంచి బయటికి వచ్చే హీటరు పొగగొట్టం మీద మంచు కప్పేసింది, వాసన లేని ఆ పొగ వెనక్కి తన్ని ఇల్లంతా నిండింది. గాలికి కొట్టుకొచ్చిన మంచు అని పోలీసులు రాసుకున్నారు. నేనప్పుడు వేరే ఊళ్ళో ఉన్నాను. అంత్యక్రియలకి వచ్చి, పువ్వులు పెట్టి, వెళ్ళిపోయాను.

ఇప్పుడు ఆ ఇంట్లో నా కూతురు బ్రిట్టా ఉంటోంది. దానికి ఎనిమిది నెలల పిల్ల, ఎలిన్. అల్లుడు సరుకు ఓడ మీద పనిచేస్తాడు, జనవరి దాకా ఇంటికి రాడు. పక్కనే నేనున్నానన్న ధైర్యంతోనే ఆ ఇల్లు తీసుకున్నారు.

నవంబరులో మొదటి మంచు పడింది. యంత్రం పాటలా నడిచింది. దారి మీద పైకి వెళ్ళేటప్పుడే ఊదుతాను, కిందికి వచ్చేటప్పుడు యంత్రాన్ని ఎత్తిపెట్టి వెనక్కి నడుపుతాను. అందుకని మూతి ఎప్పుడూ కుడికే, మా వైపుకే ఉండాలి. మర్నాడు పొద్దున్న షెడ్డు తలుపు తీస్తే ఎడమకి ఉంది. బ్రిట్టాని అడిగితే, పిల్లకి పాలు పట్టడానికే టైం లేదు, నీ యంత్రంతో ఆడుకుంటానా అంది. మళ్ళీ రెండు రోజులకి అదే తంతు. మూడోసారి నడుపుతూ ఉండగానే జరిగింది. తల తిప్పి చూసేసరికి మంచు బ్రిట్టా గోడకి కొడుతోంది. పొగగొట్టం సగం మూసుకుపోతే బ్రిట్టా చీపురుతో దులుపుకుంది. నేను పిడి, మరచుట్టు, పళ్ళచక్రం అన్నీ విప్పి చూశాను. ఎక్కడా వదులు లేదు.

ఆ ఆదివారం వైనో కాఫీకి వచ్చాడు. మా గరాజులో పాత వెల్డరు, నాన్న ఈడువాడు, నాకు పని నేర్పింది ఆయనే. షెడ్డులో యంత్రం చూసి మెచ్చుకుంటాడనుకున్నాను. మూతి కింద గ్రైండరు గుర్తులు చూసి, కప్పు బల్ల మీద పెట్టేశాడు.

"ఆ అతుకు నేనేసిందే, అమ్మాయ్," అన్నాడు.

తరవాత ముక్కలు ముక్కలుగా చెప్పాడు. లెంపిని పాతిపెట్టిన వారానికి నాన్న యంత్రాన్ని బండి మీద వేసుకుని ఆయన దగ్గరికి వెళ్ళాడట. మూతిని మా ఇంటి వైపుకే ఉంచి అతికించెయ్, ఇంకెప్పుడూ తిరక్కూడదు అన్నాడట. ఎందుకని అడిగితే, నా చెయ్యి నా మాట వినడం లేదు వైనో, అన్నాడట. తాగి ఉన్నాడనుకుని వైనో మారు మాట్లాడకుండా అతికించి పంపాడు. అయినా నాన్న ఆ తరవాత ఒక్కరోజు కూడా దాన్ని నడపలేదు.

నాకు అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. గాలి కాదు. లెంపి గోడ మీదికి ఆ మంచు చిమ్మింది మా నాన్న. చిమ్మి, గాలి అని అబద్ధమాడి, ఆ యంత్రం మొహం చూడలేక మా అమ్మ చేతికి పార ఇచ్చాడు. ఆ రాత్రి వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి చచ్చినవాణ్ణి పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టాను. బ్రిట్టాకి చెప్పలేదు. యంత్రాన్ని వదలనూ లేదు. ఇనుముది తప్పేముంది అనుకున్నాను. పిడి కదలకుండా దానికి ఒక క్లాంపు బిగించాను, చూద్దాం ఎవడు తిప్పుతాడో అని.

డిసెంబరు రెండో వారంలో మంగళవారం మంచు తుఫాను వచ్చింది. బడి మూసేశారు కాబట్టి నాకూ సెలవే. నాలుగింటికే చీకటి పడుతోంది. ట్యాంకు నిండా పెట్రోలు పోసి, బయల్దేరేముందు బ్రిట్టా తలుపు కొట్టాను. పొగ వెనక్కి తన్నితే మోగే గ్యాస్ అలారం, గోడకి ఉండాల్సింది, సోఫా మీద మూత ఊడి పడి ఉంది.

"బ్యాటరీ తీసేశావా? బుద్ధుందా నీకు?" అన్నాను.

"కుయ్ కుయ్‌మంటుంటే ఎలిన్ లేచిపోతోందమ్మా. రేపు కొత్తది వేస్తాలే. ముందు నువ్వు నా గోడ మీద మంచు కొట్టడం ఆపు. ఆ పొగగొట్టం ఎన్నిసార్లు తవ్వుకోను?"

"ఈ దారి ఎవరు తీస్తున్నారనుకున్నావు? మీ ఆయన ఓడ దిగి వచ్చి తీస్తున్నాడా?"

బ్రిట్టా పిల్లని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది.

"తాతకి కోపమొస్తే మొహం రాయైపోయేదని అమ్మమ్మ చెప్పేది," అంది నెమ్మదిగా. "నీ మొహం ఇప్పుడలాగే ఉంది. అద్దంలో చూసుకో."

తలుపు విసిరికొట్టి వచ్చాను. ఒళ్ళు మండిపోతోంది. ఆ మనిషి పేరు తెచ్చి నాకు అంటగడుతుందా? దీనికోసం నేను పొద్దున్నే లేచి దారి తీస్తున్నానా? ట్రాక్టరు ఎక్కాను, క్లాంపు బిగిసి ఉందో లేదో చూశాను. బిగిసే ఉంది. మూతి కుడికి ఉంది. స్టార్టు చేశాను.

గాలి సరస్సు మీంచి అడ్డంగా కొడుతోంది. దీపం వెలుతురులో తెల్లటి గీతలు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఇంజను మోత, పెట్రోలు వాసన, కనురెప్పల మీద గడ్డకట్టే మంచు. చలి మాత్రం తెలియడం లేదు. కోపం లోపల కుంపటిలా ఉంది. అమ్మ గుర్తొచ్చింది, నాన్న గుర్తొచ్చాడు, బ్రిట్టా అన్న మాట మళ్ళీ మళ్ళీ చెవిలో తిరిగింది. పైకి, కిందికి. పైకి, కిందికి. ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు.

ఇంజను మోత కింద ఇంకో చప్పుడు వినిపించింది.

టక్... టక్... టక్...

ఏదో బోల్టు వదులైందనుకున్నాను. అదీ నాకు కోపమే తెప్పించింది. మొరాయించు, చూస్తాను నీ సంగతి, అని గేరు వేశాను. చప్పుడు కాసేపు జోరందుకుంది. తరవాత నెమ్మదించింది. తరవాత ఆగిపోయింది.

అప్పుడు వాసన వచ్చింది. యాలకులు. వేడి రొట్టె మీంచి లేచే యాలకుల వాసన... ఆ గాలిలో, ఆ మంచులో.

ఎడమ చెయ్యి బరువుగా ఉంది. గ్లౌజు మీద ఇంకేదో బరువు. చల్లగా. మంచుకంటే చల్లగా. చెవి పక్కన ఎవరో ఊపిరి తీసుకున్నారు. ఆడమనిషి.

"అల," అంది.

ఆ మాట నాకు తెలుసు. వలస వచ్చిన మా పెద్దల ఫిన్నిష్ భాషలో మా తరానికి తిట్లు, తిండి పేర్లు, ఇలాంటి ముక్కలే మిగిలాయి. అల అంటే మొదలుపెట్టు, కానియ్ అని. చిన్నప్పుడు నాన్న నన్ను పనిలోకి తరిమిన మాట.

"అల... అల..."

ఏడుపో, కసో తెలియని గొంతు. నేను తల తిప్పలేదు. తిప్పలేకపోయాను.

"నాన్నా, వదిలెయ్," అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు. గొంతు ఆయనది కాదు.

ఇంజను రెండుసార్లు దగ్గింది. ఆగిపోయింది.

నిశ్శబ్దం. మీటరు మీద టార్చి వేసి చూశాను. ట్యాంకు ఖాళీ. నిండా పోస్తే మూడు గంటలు నడిచే ట్యాంకు. గడియారం చూసుకున్నాను. ఏడు దాటింది. నాకు అరగంట గడిచినట్టు ఉంది.

టార్చి కుడికి తిప్పాను. మా వాకిలంతా గడ్డి కనిపిస్తోంది. నవంబరు నుంచి పేరుకున్న మంచంతా ఊడ్చినట్టు పోయింది. డిసెంబరు నెలలో... మా వాకిట్లో... చచ్చిన పసుపు గడ్డి.

ఎడమకి తిప్పాను. బ్రిట్టా ఇంటి గోడ లేదు. కిటికీలు లేవు. చూరు దాకా మంచు.

క్లాంపు నా కోటు జేబులో ఉంది. ఎడమ చెయ్యి పిడి మీద ఉంది. వేళ్ళు ఒక్కొక్కటే కుడి చేత్తో విప్పుకోవాల్సి వచ్చింది.

అమ్మ పార కోసం పరిగెత్తాను. తలుపు దగ్గర మంచు తోసి, భుజంతో తలుపు విరగ్గొట్టాను. లోపల వేడిగా, ఉక్కగా ఉంది. బ్రిట్టా కిటికీ కింద నేల మీద పడుకుని ఉంది, ఒక చెయ్యి గోడకి ఆనించి. పిల్ల ఉయ్యాలలో కదలడం లేదు. ముందు పిల్లని, తరవాత దాని తల్లిని బయటికి ఈడ్చి, అంబులెన్సుకి ఫోను చేశాను. మంచులో కూర్చుని ఎలిన్‌ని గుండెకి అదుముకుని, ఏడవవే, నీకు పుణ్యముంటుంది, ఒక్కసారి ఏడవవే, అని బతిమాలాను. ఎంతసేపటికో చిన్నగా మూలిగింది. అంబులెన్సు చప్పుడు కొండ కింద వినిపించేసరికి గట్టిగా ఏడుస్తోంది.

ఆస్పత్రిలో ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే దక్కేవాళ్ళు కాదని డాక్టరమ్మ చెప్పింది. వరండాలో ఒక కుర్ర పోలీసు నా ఎదురుగా కూర్చుని కాగితం తీశాడు. గోడ మీదికి అంత మంచు ఎలా వచ్చిందండీ అని మర్యాదగానే అడిగాడు.

"గాలి," అన్నాను.

అతను రాసుకున్నాడు. నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా దిద్దలేదు.

వైనో కబురు తెలిసి అంత తుఫానులోనూ వచ్చాడు. ఆయనకి మాత్రం జరిగింది చెప్పాను. లెంపి వచ్చిందన్నాను. నా చెయ్యి పట్టుకుని, కానియ్, కానియ్ అని నాన్న మీది పగ నా బిడ్డ మీద తీర్చుకోబోయిందన్నాను. చెబుతుంటే కాస్త ధైర్యం కూడా వచ్చింది. తప్పు నాది కాదు. చచ్చినదానిది.

వైనో నా పక్కన కూర్చున్నాడు.

"అల అందా, యెల అందా?" అన్నాడు.

రెండూ ఒకటే కదా అన్నాను. కాదన్నాడు. నోరు వెడల్పుగా తెరిచి ఒకసారి, సగం తెరిచి ఒకసారి పలికి చూపించాడు. అల అంటే కానియ్. యెల అంటే వద్దు. ఇంజను మోతలో, చెవుల మీద ఉన్ని టోపీ ఉంటే రెండూ ఒకేలా వినబడతాయన్నాడు. నేను మనసులో ఎన్నిసార్లు విన్నా ఏదో తేల్చుకోలేకపోయాను. అల అనే అంది, అనుకున్నాను. అలాగే అనుకోవాలని ఉంది నాకు.

బ్రిట్టా లేచిందని నర్సు పిలిచింది. లోపలికి వెళ్ళి మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాను. ఎలిన్ దాని ఒళ్ళో నిద్రపోతోంది. బ్రిట్టా మూతి మీది మాస్కు పక్కకి లాగింది.

"తలుపు తెరుచుకోలేదు. కిటికీ కొట్టాను," అంది. "పిడికిలితో కొట్టాను. నువ్వు నా వైపే చూశావు."

"మంచులో కనబడలేదే తల్లీ..."

"చూశావమ్మా. నీ పక్కన ఒక ముసలావిడ ఉంది. కోటు కూడా లేదు. రెండు చేతులతో నీ చెయ్యి పట్టుకుని లాగుతోంది, పిడి మీంచి. ఏడుస్తోంది ఆవిడ. లాగుతూనే ఉంది... నీ చెయ్యి రావడం లేదు."

 నేనేం చేస్తున్నాను అని అడిగాను.

"నవ్వుతున్నావు."

అని, పిల్లని రెండు చేతులతో పొదివి పట్టుకుని గోడ వైపుకి జరిగింది. నా మొహంలోకి చూడటం లేదు. కిందికి, నా ఒళ్ళో ఉన్న ఎడమ చేతి వైపు చూస్తోంది. నేనూ చూశాను. వేళ్ళు దేన్నో పట్టుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి. నేను తిప్పడం లేదు... మణికట్టు దానంతటదే తిరుగుతోంది. మెల్లగా... ఎడమకి...